తొంభై ఆరో పేజీలో పిన్ని

నలభై పేజీలు చదివేసరికి చార్టమ్మకు మూడుసార్లు ఒళ్లు మండింది.

మొదటిసారి అసలు కథ మొదలుకాక ముందే. "మా నాన్నకు" అని అంకితం. సరే, కన్నతండ్రి, ఇచ్చుకుంటుంది, అనుకుని పేజీ తిప్పింది. రెండోసారి పదకొండో పేజీలో. ఆరేళ్ల పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. పదిహేడో పేజీకి వచ్చినా ఆ పిల్ల కిటికీ వదలదు. వాన పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. ఈ ఇంట్లో ఎవరికీ పనీపాటా లేదా అనిపించింది. మూడోసారి ముప్పై ఎనిమిదో పేజీలో. "నాన్న చేతులకు ఇనుము వాసన. లోకంలో ఏ తలుపునైనా ఆ చేతులు తెరవగలవని నా నమ్మకం" అని రాసి ఉంది. ఇనుమూ లేదు, ఇత్తడీ లేదు. అది గ్రీజు వాసన. నీళ్ల పంపుహౌసులో మోటార్లు చూసుకునే మనిషికి వచ్చే వాసన. ఆ గ్రీజు మరకల చొక్కాలు ఆయన రిటైరయ్యేదాకా ఉతికింది తనే.

డిపోలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో, ఏ పూట ఎక్కాలో, ఎవరికి సెలవు దొరుకుతుందో చార్టు రాసి బోర్డుకు తగిలించేది ఆమే కాబట్టి చార్టమ్మ అంటారు. బోర్డు పక్కనే చిన్న అద్దాల గది. అద్దానికి చెయ్యి పట్టేంత కంత. పొద్దున్నే ఆ కంతలోంచి వినపడని గోడు ఉండదు. నడుంనొప్పి, అత్తగారికి జ్వరం, బావమరిది గృహప్రవేశం. పదకొండింటికల్లా బళ్లన్నీ బయటికి పోతాయి. రెండో షిఫ్టువాళ్లు పదకొండున్నరకు గాని రారు. ఆ అరగంటే ఆమెకు చదువుకునే తీరిక. చార్టు చూసే అలవాటు చొప్పున పుస్తకంలోనూ వాక్యం కింద స్కేలు పెట్టుకుని చదివేది. బడిలో చదివిన కథల తర్వాత ఇంత లావు పుస్తకం ముట్టుకోవడం ఇదే మొదలు.

ముట్టుకోక తప్పదు. రాసింది బుడ్డి.

బుడ్డి ఆమె కన్నకూతురు కాదు. భర్త మొదటి భార్య కూతురు. తల్లి పోయిన రెండేళ్లకు, బుడ్డికి ఎనిమిదేళ్లప్పుడు, ఈమె ఆ ఇంట్లో అడుగుపెట్టింది. అప్పటినుంచీ బుడ్డికి ఈమె పిన్ని. ఇప్పుడు బుడ్డికి ముప్పై రెండేళ్లు. ఊరికి ఆ చివర రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది, కాలేజీలో పాఠాలు చెబుతుంది. రెండు వారాల కిందట కాగితంలో చుట్టిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఒకమ్మాయి పెరిగి పెద్దదవడం, ఇల్లూ వాకిలీ, అంతే. తీరిగ్గా చదవండి" అని చెప్పి, కూర్చోమంటున్నా వినకుండా వెళ్లిపోయింది.

తండ్రి పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని బరువు చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. "నాకు తెలిసిన కథేగా. నువ్వు చదివి చెప్పు" అని భార్య చేతిలో పెట్టాడు.

అదీ సంగతి. కథ ఎవరిదో ఆయనకూ తెలుసు, ఈమెకూ తెలుసు. ఆ కథలోకి సవతితల్లి ఎప్పుడొస్తుందా అన్నదే ఈమె గుండెల్లో రాయి. సవతితల్లి అనగానే లోకానికి ఒకటే బొమ్మ కదా.

నేరుగా తన పేజీ వెతుక్కుని చదివేయొచ్చు. కానీ అది దొంగచూపు అనిపించింది. వరసగానే చదవాలనుకుంది. ఆ వరస ఎంతకీ తెగలేదు. అరవయ్యో పేజీలో తల్లి జబ్బుపడింది. డెబ్బై రెండులో పోయింది. అక్కడ మాత్రం చార్టమ్మ స్కేలు పక్కన పెట్టి ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత మళ్లీ కిటికీ, మళ్లీ వాన.

టికెట్ కౌంటరులో పనిచేసే ఆవిడ అదే పుస్తకం కొనుక్కుని రెండు రోజుల్లో ముగించింది. ఓ రోజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"అక్కా, ఇంకా రాలేదా నువ్వు?"

"ఎక్కడికి? ఇక్కడే ఉన్నాగా."

"పుస్తకంలోకి."

"ఎనభై ఒకటిలో ఉన్నా. ఎప్పుడొస్తానే?"

ఆవిడ నీళ్లు నమిలింది. "నేను చెప్తే ఏం బాగుంటుంది. చదువు, నువ్వే చదువు" అంటూ తన టిఫిన్ డబ్బాలో సగం ఈమె పళ్లెంలో వేసి వెళ్లిపోయింది. పదిహేనేళ్లుగా ఒక్క పూట కూడా తన డబ్బాలోంచి మెతుకు రాల్చని మనిషి. చార్టమ్మ ఆ పళ్లేన్ని పక్కకు నెట్టింది. ఎంత ఘోరంగా రాస్తే ఈవిడకు నా మీద ఇంత జాలి పుట్టాలి!

మర్నాడు మరో ముచ్చట. గుబురు మీసాల డ్రైవరు ఒకడున్నాడు, గండుపిల్లి అంటారు. పుస్తకం అట్ట కూడా చూసి ఉండడు. కంత దగ్గర మొహం పెట్టి, "చార్టమ్మా, నువ్వు ఇంట్లో పిల్లలకి కూడా చార్టు వేసేదానివంటగా. కౌంటరు మేడం చెప్పింది" అన్నాడు.

"నీకు ఆదివారం రెండు షిఫ్టులు" అందామె, తలెత్తకుండా.

"అయ్యో, ఊరికే అన్నానమ్మా!"

"నేను ఊరికే అనలేదు."

తొంభై ఆరో పేజీలో పిన్ని వచ్చింది. వచ్చిన తీరు ఇది: "ఒక ఆదివారం ఒకామె వచ్చింది. చేతిలో సంచి, గొడుగు. ఆ రోజు వాన లేదు."

అంతే. తొంభై అయిదు పేజీలు కొండను తవ్వితే దొరికిన ఎలుక ఇది. వాన గురించి అన్ని పేజీలు రాసిన పిల్లకు, ఆ రోజు పొద్దున వాన పడిందని తెలియదా? ఈమె పుట్టింటి నుంచి బయల్దేరినప్పుడు కుండపోత. దారిలో తెరిపిచ్చింది. అలాంటప్పుడు గొడుగు చేతిలో ఉండక ఎక్కడికి పోతుంది? గాలికి తిరిగే మనిషి అన్నట్టు ఏమిటా రాత?

ఆ కోపంతోనే నూట మూడో పేజీకి వచ్చింది. అక్కడ స్కేలు ఆగిపోయింది.

"పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఎందుకని నేను అడగలేదు. కత్తెర చల్లగా మెడకు తగిలింది. అమ్మ అల్లిన జడ, అమ్మ చేతుల కొలత తెలిసిన జడ, నా ఒడిలో పడింది. దాన్ని ఎత్తుకుని ఆమె చెత్త తగలేసే మంటలో వేసింది. వేసవి కదా, తేలిగ్గా ఉంటుంది, అంది. నేను ఏడవలేదు. సాయంత్రం నాన్న వచ్చి నా బోడితల మీద చెయ్యి వేసి, ఆమెకేసి చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ చూపు చాలు నాకు. నాన్న నా వైపే ఉన్నాడు."

చార్టమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి. పదకొండున్నరకు కంత దగ్గర చేరిన డ్రైవర్లు అద్దం మీద తడుతున్నా ఆమెకు వినపడలేదు. ఆ పూట చార్టులో ఒకే బండికి ఇద్దరి పేర్లు రాసింది. ఇరవై ఏళ్లలో అలాంటి తప్పు చేసి ఎరగదు.

జరిగింది ఏమిటో ఆమెకు నిన్నటి మాటలా గుర్తుంది. వచ్చి మూడు వారాలు. బుడ్డి బడిసంచిలో టీచరమ్మ మడిచి పెట్టిన చీటీ దొరికింది. పిల్ల తలనిండా పేలు, పక్క పిల్లలకు అంటుకుంటున్నాయి, శుభ్రమయ్యేదాకా బడికి పంపవద్దు అని. తల్లి పోయాక రెండేళ్లపాటు ఆ జడ సరిగ్గా విప్పి దువ్విన చెయ్యి లేదు. తండ్రి పైపైన దువ్వి రబ్బరుబ్యాండు వేసేవాడు. లోపల జుట్టు ఉండలు కట్టి చాపలా తయారైంది. చిక్కు తీయడానికని పిల్లకు చెప్పి ఈమె రెండు రోజులు మందు రాసింది, నూనె రాసింది, వెంట్రుక వెంట్రుకా విడదీయబోయింది. దువ్వెన పళ్లు విరిగాయి. పిల్ల గోలకు ఇరుగుపొరుగు వచ్చి తొంగిచూశారు. ఆఖరికి కత్తెర తీసుకుంది. కత్తిరించిన జడ నిండా పేలు. దాచమంటే ఎక్కడ దాచాలి? కాల్చింది. కాల్చి, స్నానాలగదిలోకి పోయి, నీళ్లు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చింది. పుస్తకంలో ఆ గది కూడా లేదు.

ఆదివారం ఆమె సంచిలో పుస్తకం వేసుకుని బస్సెక్కింది. బుడ్డి గదులకు చేరేసరికి పదవుతోంది. గోడల పొడుగునా పుస్తకాలు, కుర్చీ మీద ఉతికిన బట్టల కుప్ప. బుడ్డి ఆ కుప్పను మంచం మీదికి విసిరి కుర్చీ చూపించింది.

"చదివావా పిన్నీ?"

"నూట అయిదు దాకా" అంటూ పిన్ని సంచిలోంచి పుస్తకం తీసింది.

"అంతేనా? ఇంకా రెండొందల పేజీలున్నాయి. అయ్యాక మాట్లాడుకుందాం."

"నాకు ఇప్పుడే మాట్లాడాలి. పేల సంగతి ఎందుకు రాయలేదే?"

బుడ్డి మొహంలో ఏమీ కనపడలేదు. "ఏ పేలు?"

"ఏ పేలేంటి! నీ తలలో పేలు. బడికి రావొద్దన్నారు నిన్ను. చీటీ పంపారు. అందుకే కదా కత్తిరించింది. సరదాకి కత్తిరించానా నేను?"

బుడ్డి నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. పిన్ని నవ్వడం లేదు.

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

"మరి వేసవి కదా అన్నావు?"

"చెప్పకూడదనుకున్నాం. ఎనిమిదేళ్ల పిల్లవి. తల్లి లేకపోబట్టే ఇలా అయిందని ఏడుస్తావని."

బుడ్డి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. తిరిగినప్పుడు మొహం ఎర్రగా ఉంది. క్షమించమంటుందేమో అనుకుంది పిన్ని.

"ఇరవై నాలుగేళ్లు పిన్నీ! ఒక్కసారి చెప్పలేకపోయావా? పదేళ్లప్పుడు కాకపోతే ఇరవై ఏళ్లప్పుడు? ఆ రోజు నుంచి నువ్వు దగ్గరికొస్తే భయం నాకు. స్టూలు చూస్తే భయం. ఏడో క్లాసు దాకా తల దువ్వించుకోవాలంటే వణుకు."

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"ఏమని అడగను? మా అమ్మ జడ ఎందుకు తగలేశావని అడగనా?"

"అడగాల్సింది! నోరుంది కదా. ఇప్పుడు ఊరంతటికీ అమ్ముకునే నోరు అప్పుడు లేదా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేసింది. బుడ్డి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"సరే, జరిగిందేదో జరిగింది" అంది పిన్ని, గొంతు తగ్గించి. "మళ్లీ అచ్చువేసేటప్పుడు మార్చు. రెండు ముక్కలు. పేలున్నాయి, అందుకని కత్తిరించింది. అంతే."

"మార్చను."

"ఎందుకు మార్చవు? ఇప్పుడు నీకు తెలిసిందిగా!"

"నాకు తెలిసింది. ఆ పిల్లకి తెలీదు. ఆ పిల్లకి తెలిసుంటే అసలు ఆ కథే లేదు."

"ఆ పిల్ల నువ్వే కదే!"

"కాదు పిన్నీ. ఎలా చెప్పాలి నీకు..." బుడ్డి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి వదిలేసింది. గోడకు చెప్పినా ఒకటే, నీకు చెప్పినా ఒకటే అన్నట్టుంది ఆ ఎత్తడం. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాఫీ అయినా తాగకుండా సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది. రెండో అంతస్తు దిగాక గుర్తొచ్చింది, పుస్తకం కుర్చీలో వదిలేసి వచ్చిందని. వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి మొహం చెల్లలేదు. వదిలేసి పోయేంత తెగింపూ లేదు. మెట్ల మీద అలాగే నిలబడింది. పైనుంచి బుడ్డి దిగివచ్చి, మాట్లాడకుండా పుస్తకం చేతికిచ్చి, మాట్లాడకుండా పైకి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. రెక్కలు ఒక పక్క, మరలు ఒక పక్క. ఆమె చెప్పులు విడవకుండానే నూట మూడో పేజీ తెరిచి ఆయన మోకాళ్ల మీద పెట్టింది.

"చదవండి."

"నువ్వు చదివి చెప్తావనుకున్నా..."

"చదవండి మీరు."

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. పేజీ అయిపోయింది. మళ్లీ మొదటికి వెళ్లాడు. ఫ్యాను మర ఒకటి చేతిలోంచి జారి దొర్లిపోయినా వెతకలేదు.

"నాన్న నా వైపే ఉన్నాడంట. చూశారా?" అందామె. "దానికి చెప్పొద్దు, వేసవి అని చెప్పి కత్తిరించెయ్ అని ఎవరన్నారు? చీటీ చదివి, నా చేతిలో పెట్టి, డ్యూటీకి టైమైందని పోయింది ఎవరు? నేను అన్నానా, మీరు అన్నారా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అప్పుడేదో... పిల్ల ఏడుస్తుందని..."

"పిల్ల ఏడవలేదండీ! పుస్తకం రాసింది!"

పక్కింటివాళ్ల కిటికీ తెరుచుకుంది. ఆమె గొంతు తగ్గించలేదు. "సాయంత్రం వచ్చి నాకేసి చూశారంట. ఆ చూపు ఎందుకో దానికి తెలీదు. పని అయిందా అని చూశారు మీరు. నేను తలూపాను. నాకు గుర్తుంది. మీ పేరున అంకితం, నా పేరున మంట. బాగుంది పంపకం."

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అది మంచితనమని ఇన్నేళ్లూ అందరూ అన్నారు, ఆమె కూడా అనుకుంది. ఆ మంచితనానికి ఖరీదు ఎవరి దగ్గర వసూలైందో ఆ రోజు చెప్పులు విడవకుండా వరండాలో నిలబడి చూసింది. "ఫోన్ చెయ్యండి. నేను చెప్తే సాకులా ఉంటుంది. మీరు చెప్పండి" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. అక్కడినుంచి వింటే మొదట ఏమీ వినపడలేదు. చాలాసేపటికి, "ఆ మాట అన్నది నేనేనమ్మా" అని వినపడింది. తర్వాత ఇంకా ఏదో అన్నాడు. ఆమె కుళాయి కట్టేసినా అందలేదు.

మంగళవారం పదకొండు దాటింది. అద్దం మీద చప్పుడైతే, ఏ డ్రైవరో సెలవు అడుగుతాడనుకుని, "లేదు, సెలవుల్లేవు" అంది తలెత్తకుండా.

"నాకు సెలవు అక్కర్లేదు పిన్నీ."

అద్దం అవతల బుడ్డి మొహం. లోపలికి రమ్మంటే వచ్చి, అరల్లో నిటారుగా నిలబెట్టిన చార్టులను, బోర్డును, గోడ గడియారాన్ని చూసింది. ఈ గదిలోకి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"నాన్న ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. నా జన్మలో అంతసేపు మాట్లాడింది లేదు." పెదవి కొరుక్కుంది. "ఇప్పుడు ఆయన మీద కోపం వస్తోంది. పుస్తకమేమో ఆయనకే అంకితం ఇచ్చి కూర్చున్నా. నీ మీదైతే కోపం అలవాటే, ఎక్కడ పెట్టుకోవాలో తెలుసు. ఇది ఎక్కడ పెట్టుకోను?"

చార్టమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగింది. "మార్చవు కదా?"

"మార్చను."

"మొండిఘటం."

"ఎవరి పెంపకం?"

ఆ మాట ఎత్తిపొడుపో, మెచ్చుకోలో తేల్చుకోలేక ఆమె పుస్తకం ముందుకు లాక్కుంది. ఆదివారం తర్వాత తెరవలేదు. కోపం తీరలేదు గాని, ఎదురుగా రాసిన మనిషే కూర్చుంది కాబట్టి ఏ వాక్యానికి ఆ వాక్యం అక్కడే నిలదీయొచ్చు. నూట ఆరు, నూట ఏడు, చకచకా చదివింది. నూట పదిలో ఆగింది.

"ఇదేంటే? 'నీకు అమ్మనవుదామని నేనేం రాలేదు, అంది ఆమె' అని రాశావు. నేనా? ఎప్పుడన్నాను ఈ మాట? ఇది కల్పించావు."

"అన్నావు."

"ఛ! ఆ మాట నేనెందుకంటాను?"

"నా బడిసంచి పట్టీ తెగింది. వంటింటి గుమ్మంలో కూర్చుని కుడుతున్నావు. ఎర్రదారం లేకపోతే నల్లదారంతో కుట్టావు. అమ్మయితే ఎర్రదారమే తెచ్చి కుట్టేది అన్నాను నేను. అప్పుడన్నావు."

చార్టమ్మ కళ్లు మూసుకుంది. ఎర్రసంచి గుర్తొచ్చింది. తెగిన పట్టీ గుర్తొచ్చింది. మందంగా ఉండి సూది దిగక, వేలికి గుచ్చుకుని, నోట్లో పెట్టుకున్న వేలు కూడా గుర్తొచ్చింది. గుమ్మం, గుమ్మంలో పడిన ఎండ, ఎదురుగా పొట్టి జుట్టుతో నిలబడ్డ పిల్ల. ఎంత వెతికినా ఆ మాట మాత్రం దొరకలేదు.

"కుట్టడం గుర్తుంది" అంది చివరికి. "అన్నది గుర్తులేదు."

"నాకు గుర్తుంది" అంది బుడ్డి.

రెండో షిఫ్టువాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. కంతలోంచి ఎవరో చెయ్యి పెట్టి చార్టు అడిగారు. ఆమె ఇచ్చింది. తర్వాత బుడ్డి కూర్చున్న వైపు చూడకుండా, పేజీ తిప్పింది.